కుడి పదకొండు, ఎడమ పదకొండున్నర

అమీర్‌పేటలో ఆ భవనం మెట్లెక్కేవాళ్ళందరికీ ఏదో ఒక పరీక్ష ఉంటుంది. మొదటి అంతస్తులో జావా, రెండో అంతస్తులో బ్యాంకు కోచింగ్, మూడో అంతస్తులో స్పోకెన్ ఇంగ్లిష్. గురువారం పొద్దున పదకొండింటికి ప్రమోద ఆ మూడూ దాటి నాలుగో అంతస్తుకు పోతోంది. ఆమెకూ పరీక్షే ఉండాల్సింది, శనివారం. ఇప్పుడది లేదు. ఎందుకు లేదో అడగడానికే పోతోంది.

జరిగింది కొద్దిలో ఇది. బేస్‌బాల్‌లో ఆట మొదటి నుంచీ బంతి విసిరేవాళ్ళు ఒకరు. వాళ్ళు అలిసిపోయి గెలుపు చేజారుతుంటే, చివర్లో దిగి ఆటను గట్టెక్కించేవాళ్ళు ఇంకొకరు. ఆ రెండో మనిషిని రిలీఫ్ పిచ్చర్ అంటారు. అమ్మాయిల లీగులో మూసీ మెరుపులు జట్టుకు నిరుడు ఆ మనిషి ప్రమోద. తొమ్మిది నెలల కింద ఒక మ్యాచ్ చివరి బంతికి ఆమె కుడి మోచేతిలో లిగమెంట్ తెగింది. సోమాజిగూడలో ఆపరేషన్ అయింది. ఆరు నెలలు ఇంట్లోనే కోలుకుంది. మూడు నెలలుగా పంజగుట్టలో చంద్రిక అనే ఫిజియోథెరపిస్టు దగ్గర చేతికి మళ్ళీ బలం తెచ్చుకుంటోంది. శనివారం పరీక్షలో నెగ్గితే ఈ ఏడు జట్టులో ఆమె చోటు ఆమెకే. లేకపోతే ఆ చోటు హైందవి అనే కొత్త పిచ్చర్‌ది.

నిన్న సాయంత్రం తారక్ అనేవాడు తన ఫ్యాంటసీ ఛానల్‌లో ఆమె ఫోటో పెట్టాడు. ఫ్యాంటసీ అంటే ఫోన్లో ఎవరి జట్టు వాళ్ళు కట్టుకుని, నిజం ఆటలో ఆ ఆటగాళ్ళు చూపిన ప్రతాపానికి పాయింట్లు తెచ్చుకునే ఆట. పైసా పెట్టేది లేదు, పంతమే పెట్టుబడి. ఎవరిని తీసుకోవాలో ఎవరిని వదిలెయ్యాలో తారక్ చెబితే వేలమంది వింటారు. ఫోటో కింద అతను రాసింది ఇంతే:

"ప్రమోద కుడి చెయ్యి ఎడమ చెయ్యి కంటే అరంగుళం సన్నం. ఈ సీజన్‌కి మర్చిపోండి."

నిన్న సాయంత్రం నూటికి నలభై ఒక్కరి ఫ్యాంటసీ జట్టులో ప్రమోద ఉంది. పొద్దున్నకి నలుగురి జట్టులో మిగిలింది. ఎనిమిదింటికి మేనేజర్ రాకేశ్ ఫోన్ చేశాడు. రెండు చేతుల కండకూ తేడా ఒక సెంటీమీటరు దాటితే పరీక్షకు రానివ్వొద్దని డాక్టర్ కాగితంలో ఉందట. అరంగుళమంటే దాటినట్టేనట. శనివారం రావద్దన్నాడు.

ప్రమోదను భయపెట్టింది అది కాదు. ఆ తేడా నిజం. సోమవారం చంద్రిక కొలిచింది. శనివారానికల్లా తగ్గుతుందిలే, ఎవరికీ చెప్పకు అంది. ఇద్దరికే తెలిసిన మాట బుధవారానికి ఊరంతటికీ ఎట్లా తెలిసింది?

నాలుగో అంతస్తులో తారక్ ఆఫీసు తలుపు తీసే ఉంది. లోపల మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక గుండ్రటి లైటు, గోడకు తెల్లబోర్డు. కుర్చీలో ముప్పై ఏళ్ళ మనిషి, కొత్త నీలం చొక్కా వేసుకుని, ఇడ్లీ తింటూ కనిపించాడు. ఎనిమిదేళ్ళ కింద భీమవరం నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సుకని వచ్చి, కోర్సు వదిలేసి ఊరు మాత్రం వదలనివాడు.

"ప్రమోద గారా? రండి, రండి. కూర్చోండి. టీ చెప్పమంటారా?"

"కూసుంటందుకు రాలే. ఆ రాసింది తీసెయ్."

తారక్ చేతులు తుడుచుకున్నాడు. కంగారేం పడలేదు. ఇట్లాంటివాళ్ళు అతని దగ్గరికి ఇదివరకూ వచ్చారు.

"ఒక్క మాట చెప్పండి. నేను రాసింది అబద్ధమా?"

ప్రమోద కావాలంటే అబద్ధమని అనెయ్యొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నిజమైతే ఏంది? నా చెయ్యి నీ అయ్య జాగీరా, ఊరందరికి కొలతలు చెప్తందుకు?"

"ఆడేది మీరు, మిమ్మల్ని నమ్ముకుని జట్టు కట్టుకునేది జనం. వాళ్ళకి తెలియాలి కదండీ. మీ మీద నాకేం కోపం ఉంటుంది? నిరుడు ఫైనల్లో మీరు తీసిన ఆ మూడు ఔట్లు నేను పదిసార్లు చూశాను. అభిమానం వేరు, అంచనా వేరు."

"నీ అంచనాతోటి నా పరీక్ష బందయింది. తెలుసా?"

అతనికి తెలియదు. ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపాడు. "ఎవరు బంద్ చేశారు?"

"రాకేశన్న. డాక్టర్ రూలంట. నువ్వు రాయకపోతే శనివారం నేను పోయేదాన్ని, బంతేసేదాన్ని, నా చోటు నేను తెచ్చుకునేదాన్ని."

"అంటే, దాచిపెట్టి ఆడేవారు."

ల్యాప్‌టాప్ వెనకనుంచి తారక్ దగ్గర పనిచేసే కుర్రాడెవరో కిసుక్కున నవ్వాడు. ప్రమోద అటు తిరగలేదు. ఆ మాట చెంప మీద తగిలినట్టే ఉంది. కానీ తొమ్మిది నెలలు నొప్పి పడ్డ మనిషికి చెంపదెబ్బ ఒక లెక్కా?

"అవును, దాచిన. నీకు పన్ను నొస్తే ఛానల్‌ల పెడ్తవా? ఎవరి నొప్పి వాళ్ళది. ఎవరు చెప్పిండ్రు నీకు? చంద్రిక మేడమా?"

"నాకు చెప్పినవాళ్ళ పేరు నేను చెప్పను. కానీ ఒకటి, దొంగతనం చెయ్యలేదు, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అడిగాను, సంతోషంగా చెప్పారు."

సంతోషంగా. చంద్రికకు తన చెయ్యి సన్నబడితే సంతోషమా? మూడు నెలలు ఆ చేతిని పసిపిల్లలా చూసుకున్న మనిషి. పొద్దున ఫోన్ చేసి అడిగితే, ఒట్టేసి చెప్పి, ఫోన్లోనే ఏడ్చింది. ఆ ఏడుపు నటనైతే ఇంక లోకంలో నమ్మేది ఎవరిని?

ఆమె కళ్ళు తెల్లబోర్డు మీద పడ్డాయి. ఆటగాళ్ళ పేర్లు, పక్కన ఏవేవో అంకెలు. ఆరో వరసలో తన పేరు. ఎదురుగా ఎర్ర అక్షరాల్లో, కుడి 11, ఎడమ 11½.

ప్రమోద ఆ అంకెలను రెండుసార్లు చదివింది.

చంద్రిక కాగితాలన్నీ సెంటీమీటర్లలోనే ఉంటాయి. ఆమె గోడ మీది చార్టు సెంటీమీటర్లే, ఆమె నోటినుంచి వచ్చేవీ సెంటీమీటర్లే. ఆసుపత్రిలోనూ అంతే. అంగుళాల్లో మనిషిని కొలిచేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరు?

ఆమె మెల్లగా తారక్ వైపు తిరిగింది. కొత్త నీలం చొక్కా. కాలరు సరిగ్గా మెడకు అతికినట్టుంది. దగ్గరికి పోయి గుండీ కింది కాజా వంగి చూసింది. అమీర్‌పేటలో ఇప్పుడు కాజాలన్నీ మిషన్ మీద కుడతారు. ఇవి చేత్తో కుట్టిన కాజాలు, ఒక్కో పోగూ చీమలబారులా పేర్చినట్టు. ఈ చుట్టుపక్కల చేత్తో కాజా కుట్టే మాస్టర్ ఒక్కడే మిగిలాడు.

"గీ అంగీ ఎక్కడ కుట్టించినవ్?"

తారక్ చెయ్యి తెలియకుండానే కాలరు మీదికి పోయింది. "షర్టుకీ దీనికీ సంబంధం ఏంటండీ?"

"ఎక్కడ?"

అతను ఇంక చెప్పక్కర్లేదు. ప్రమోదకు కింద నేల అరడుగు దిగినట్టయింది. కానీ ఆమె నిలబడ్డ చోట నిలబడి ఏడ్చే రకం కాదు. చివర్లో దిగేవాళ్ళకు ఆ అలవాటు ఉండదు.

"లే," అంది.

"ఎక్కడికండీ?"

"నీకు సంతోషంగ చెప్పినాయన దగ్గరికి. రెండు సందుల అవతలే గద. నా ముందల మళ్ళ ఒకసారి సంతోషంగ చెప్తడేమో చూద్దాం."

* * *

టైలర్ పర్శరాములు మడిగె ఎనిమిదడుగుల వెడల్పు. ముందు కటింగ్ టేబుల్, వెనక రెండు మిషన్లు, పైన స్కూలు యూనిఫాంల మూటలు కప్పుదాకా. ఆయన సిరిసిల్ల నుంచి ఈ సందుకు వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఈ వీధిలో లేరు. అన్నం తినేటప్పుడూ అది మెడలోనే.

తారక్‌ను చూడగానే ఆయన ముఖం వికసించింది.

"రాండ్రి సార్. ఏంది, లూజు గిట్ల అయిందా? చంకల పట్టిందా?"

"లేదు మాస్టారూ. బాగా కుదిరింది," అన్నాడు తారక్, నేల చూస్తూ.

ప్రమోద మధ్యలోకి వచ్చింది. "నాయినా. గీ సార్‌కు నా చేతి కొలత నువ్వు చెప్పినవా?"

"చెప్పిన."

అంత నిబ్బరంగా అన్నాడు. తప్పు చేసినవాడి నోట ఆ మాట అట్లా రాదు. ప్రమోద పళ్ళు బిగించింది.

"ఎందుకు చెప్పినవ్?"

"మంగళారం అంగీ తీస్కపోతందుకు వచ్చిండు. మీ బిడ్డ చెయ్యి ఎట్లుంది మాస్టర్ అన్నడు. ఇన్ని నెలలల్ల ఒక్కరన్న అడిగిండ్రా? మంచిగైందని చెప్పిన. నోటిమాట నమ్ముతడో లేదో అని బుక్కు సుత తీసి చూపించిన. ఏమాయె?"

"ఏమాయెనా? మంచిగైందా నాయినా? ఎడమ చేతికంటే అరంగుళం తక్కువుంటే మంచిగైనట్టా? గా మాట ఈయన లోకమంత చాటిండు. నా పరీక్ష పోయింది. జట్టుల నా జాగ పోతుంది."

పర్శరాములు చేతిలో సుద్ద అట్లాగే ఆగిపోయింది. ఆయన తారక్‌ను చూశాడు, కూతుర్ని చూశాడు. బట్ట తప్పు కోసిన కొత్త పనివాణ్ణి చూసే చూపు అది. కోపం కాదు, ఇంత చిన్న సంగతి ఎట్లా తెలియలేదన్న ఆశ్చర్యం.

"ఎడమ దానితోటి ఎందుకు పోలుస్తవ్?" అన్నాడు.

వంగి, టేబుల్ కింది డబ్బాలోంచి రెండు కొలతల బుక్కులు తీశాడు. ఒకటి కొత్తది. ఒకటి అట్ట ఊడిపోయి, దారంతో కట్టింది. పాతదాంట్లో వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పి, ఒకచోట ఆగాడు.

"ఇగో. నీ మొదటి జెర్సీ. రెండేండ్ల కింద. సదువు."

ప్రమోద చదివింది. తన పేరు, ఛాతీ, నడుము, పొడవు. చెయ్యి లూజు, 11. ఒక్కటే అంకె.

"ఏ చెయ్యిది?" అని అడిగాడు తారక్.

"కుడిది సార్. ఏ టైలరైనా కుడి చెయ్యే కొలుస్తడు. బట్ట మడతబెట్టి, ఒక్కసారే కత్తెర పెడ్తే రెండు చేతులొస్తయి. రెండు కొలిచేటోనికి పని రానట్టు." ఆయన కొత్త బుక్కు తెరిచాడు. "ఆపరేషనైనంక ఇది. చెయ్యి అగ్గిపుల్లోలె అయింది. ఈ చేతికి, ఆ చేతికి ఒక్క తీరు కోస్తే కుడి దిక్కు అంగీ వేలాడ్తది. టీవీల ఊరంత చూస్తది. అందుకే రెండూ వేరువేరుగ కొలిచిన. ఆదివారం ఆదివారం కొలుస్తనే ఉన్న. నువ్వేమో జెర్సీ ట్రయలనుకున్నవ్."

ఎన్ని ఆదివారాలో. చెయ్యెత్తు బిడ్డా అనేవాడు, టేపు చుట్టేవాడు, ఏదో గీసుకునేవాడు. ప్రమోద ఫోన్ చూసుకుంటూ చెయ్యెత్తేది. తండ్రి ఏం రాస్తున్నాడో ఒక్కనాడూ తొంగి చూడలేదు.

"కుడి మొదట తొమ్మిదిన్నర. ఇప్పుడు పదకొండు. రెండేండ్ల కింద ఎంత? పదకొండు. మంచిగైనట్టా, కానట్టా?"

"మరి ఎడమది?"

"ఎడమది మొదట పదిన్నర. ఇప్పుడు పదకొండున్నర." పర్శరాములు గొంతు కొంచెం తగ్గింది. "తొమ్మిది నెలల సంది గీ ఇస్త్రీపెట్టె ఏ చేత్తోటి పడ్తున్నవ్? వద్దన్న వినకపోతివి. ఏడు కిలోల పెట్టె. దినాం వంద యూనిఫాంలు. ఎడమ చెయ్యి పెరగక ఏమైతది?"

ప్రమోద తన ఎడమ చెయ్యి వైపు చూసుకుంది. ఇంకెవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టు చూసింది. ఆమె చంద్రిక దగ్గరికి పోయింది మూడు నెలల కింద. అప్పటికే ఎడమ చెయ్యి ఇట్లా ఉంది. చంద్రిక రెండు చేతులూ పక్కపక్కన పెట్టి తేడా చూసింది. తనూ అదే నమ్మింది. సోమవారం నుంచి అద్దంలో కుడి చెయ్యి చూసుకోవడానికే మనసొప్పలేదు. చూడాల్సింది రెండోదని తట్టనే లేదు.

తారక్ గుండీల డబ్బా జరిపి స్టూలు మీద కూర్చున్నాడు. "కుడి చెయ్యి సన్నబడలేదన్నమాట. ఎడమ చెయ్యి లావయింది." జేబులో ఫోన్ తడుముకుని, "ఇది నేను రాస్తాను," అన్నాడు.

"రాసుడు కాదు. చూపియ్. ఇక్కడే, ఇప్పుడే, లైవ్ పెట్టు. నాయిన బుక్కు సదువుతడు."

"నా అంచనా తప్పని నా ఛానల్‌లో నేనే చెప్పుకోవాలా?"

"మీ బిల్డింగ్‌ల కోర్సు అర్థం కాకపోతే రెండోసారి ఫ్రీగ చెప్తం అని బోర్డు పెడ్తరు గద. నువ్వు సుత రెండోసారి ఫ్రీగ చెప్పు."

తారక్ నవ్వాడు. తప్పించుకోవడానికి దారి లేక వచ్చిన నవ్వు. జేబులోంచి ఫోన్ తీశాడు.

అయిదు నిమిషాల్లో ఆరువేల మంది చూస్తున్నారు. పర్శరాములు కళ్ళద్దాలు సరిచేసుకుని, రేషన్ లిస్టు చదివినట్టు చదివాడు. "తొమ్మిదిన్నర. పావు తక్కువ పది. పది. పది మీద పావు. పదిన్నర. పదకొండు." కామెంట్లు వానలా పడుతున్నాయి. మాస్టర్‌కు దండం అని ఒకరు. నా ప్యాంటు ఎప్పుడిస్తావు మాస్టర్ అని ఇంకొకరు. తారక్ కెమెరా తన వైపు తిప్పుకుని, "నిన్న నేను కొలత సరిగ్గా చెప్పాను, అర్థం తప్పు చెప్పాను," అన్నాడు.

ప్రమోద తన ఫోన్లోంచి రాకేశ్‌కు చేసి, స్పీకర్ పెట్టింది.

"చూస్తున్న, చూస్తున్న," అన్నాడు రాకేశ్ విసుగ్గా. "మస్తు డ్రామా చేస్తున్నరు. గని టైలర్ బుక్కు డాక్టర్ కాగితమైతదా?"

"రూల్‌ల ఏముందన్న? పూరా సదువు."

అవతల కాగితాల చప్పుడు. "దెబ్బకు ముందు కొలతతో పోల్చాలె. అది లేకపోతే రెండో చేతితోటి పోల్చాలె."

"ముందు కొలత ఉన్నది. నా చేతుల ఉన్నది."

"ప్రమోదా, టైలర్ రాసిన..."

"నిరుడు మన జట్టు జెర్సీలు పద్నాలుగు గీ బుక్కు చూసే కుట్టింది మా నాయిన. ఒక్కటన్న పట్టలేదని వాపస్ వచ్చిందా?"

చూసేవాళ్ళ లెక్క పదకొండు వేలు దాటింది.

"రాలే," అన్నాడు రాకేశ్ చివరికి. "సరే. శనివారం దాకా ఆగేది లేదు. హైందవి ఇయ్యాల సాయంత్రం సంతకం పెట్టేదుంది. మూడింటికి ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక గ్రౌండుకు రా. నా ముగ్గురు గట్టి బ్యాటర్లను నిలబెడ్త. పూర్తి జోరుతోటి వెయ్యాలె. మూడు ఔట్లు తీస్తే జాగ నీది. తియ్యకపోతే మళ్ళ ఫోన్ చెయ్యకు."

"వస్తున్న," అంది ప్రమోద, అతను ఫోన్ పెట్టేలోపే.

సందులో అప్పటికే పదిమంది పోగయ్యారు. ఎదురు మడిగె జిరాక్స్ అతను చప్పట్లు కొట్టాడు. పర్శరాములు టేపు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. ఆయనకు ఆనందం వస్తే చేసే పని అదొక్కటే.

అంతలో ప్రమోద చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. చంద్రిక.

"లైవ్ చూస్తున్న," అంది చంద్రిక. గొంతులో సంతోషం లేదు. "స్పీకర్ తీసెయ్."

"ఉండనియ్యండి మేడం. ఒక్క కొలత దాచిపెట్టినందుకు ఇంతదూరం వచ్చింది. ఇగ దాచేది లేదు. చెప్పుండ్రి."

"అందరి ముందల వద్దు."

"అందరి ముందలే చెప్పుండ్రి."

"మీ నాన్నను ఒకటి అడుగు. పదిన్నర ఏ రోజు కొలిచిండ్రు?"

పర్శరాములు బుక్కులోకి వంగాడు. "మొన్న ఆదివారం మేడం. పొద్దున."

"పదకొండు?"

"మంగళారం పొద్దున, సార్ రాకముందే. జెర్సీకి కత్తెర పెట్టే ముందల మళ్ళొకసారి కొలిచిన."

"రెండు రోజులల్ల అరంగుళం కండ ఎవరికీ పెరగదు," అంది చంద్రిక.

చప్పట్లు కొట్టిన జిరాక్స్ అతని చేతులు అట్లాగే కలిసి ఉండిపోయాయి.

"నేను పదిహేను రోజులకొకసారి కొలుస్త. సోమవారం తేడా సగానికి తగ్గితే పదిహేను రోజుల కష్టమని మురిసిపోయిన. నాకు తెలువదు అది ఒక్క రాత్రిల వచ్చిందని. ప్రమోదా, ఆదివారం ఏం చేసినవ్?"

వీధంతా చూస్తోంది. పదమూడు వేల మంది చూస్తున్నారు. వాళ్ళందరికంటే ఎక్కువ, తండ్రి చూస్తున్నాడు.

"ముప్పై బంతులు," అంది. "క్వార్టర్ల వెనక గోడకు. పూర్తి జోరుతోటి."

"గుడికి పోతున్న అన్నవ్ గద," అన్నాడు పర్శరాములు. బల్కంపేట ఎల్లమ్మ దగ్గరికని చెప్పిపోయింది. పూలకని పైసలు కూడా ఇచ్చాడు.

ఆమె తండ్రి ముఖం చూడలేకపోయింది. శనివారానికి ముందు ఒక్కసారన్నా తన చెయ్యి తనదేనా కాదా అని తెలుసుకోవాలనిపించింది. అంతే. బంతి గోడకు తగిలిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. అంత మంచి చప్పుడు తొమ్మిది నెలల్లో వినలేదు.

"విను," అంది చంద్రిక. ఇప్పుడామె గొంతు వైద్యం చేసే మనిషి గొంతు. "అది కండ అయితే పో, ఆడు, చప్పట్లు కొడ్తందుకు నేనే వస్త. వాపు అయితే, ఇయ్యాల పూర్తి జోరుతోటి వేసే మూడో బంతికో నాలుగో బంతికో ఆ లిగమెంట్ మళ్ళ తెగుతది. రెండోసారి తెగితే కుట్టేటందుకు ఏం మిగలదు. జట్టు సంగతి పక్కకు పెట్టు, ఇస్త్రీపెట్టె సుత పట్టలేవు."

"ఎట్ల తెలుస్తది?"

"క్లినిక్‌కు రా, చూస్త."

"ఇక్కడ తెలువదా మేడం? ఇప్పుడు?"

చంద్రిక తటపటాయించింది. "తెలుస్తది. మోచేతికి కొంచెం పైన బొటనవేలితోటి గట్టిగ నొక్కు. పది లెక్కపెట్టి తియ్. గుంట అట్లనే మిగిలితే వాపు. వెంటనే నిండితే కండ."

తారక్ ఫోన్ దించబోయాడు. "కెమెరా ఆపేస్తాను ప్రమోద గారూ. ఇది వద్దు. ఇది మీ సొంత విషయం."

"నిన్న సొంత విషయం కాకుండెనా?"

అతను తల దించుకున్నాడు.

"నిన్న నన్ను అడగకుండ పెట్టినవ్. ఇయ్యాల నేనే పెట్టమంటున్న. అది గుంట పడ్తే నా నోటితోటే చెప్త, నన్ను వదిలెయ్యుండ్రి అని. పడకపోతే మూడింటికి ఎర్రమంజిల్‌ల ఉంట. దగ్గరికి తే."

ఆమె చొక్కా చెయ్యి భుజందాకా మడిచింది. కటింగ్ టేబుల్ మీద సుద్దగీతల మధ్య కుడి చెయ్యి చాపి, ఎడమ బొటనవేలు ఆనించి, బలమంతా పెట్టి నొక్కింది. పర్శరాములు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆరుదాకా గొంతు మామూలుగానే ఉంది. పది అన్నాడో లేదో వినిపించలేదు.

ప్రమోద వేలు తీసింది.

అందరికంటే ముందు వంగి చూసింది పర్శరాములే. చూసి, తల ఎత్తకుండానే, సుద్ద అంటిన అరచెయ్యి చాచి తారక్ ఫోన్ కెమెరాను మూసేశాడు.

"చెయ్యి తియ్ నాయినా," అంది ప్రమోద. "నా నోటితోటే చెప్తనన్న గద. చూడనియ్."